మట్టిమిద్దె, సిమెంటు మిద్దె: మన యింటి చల్లదనము



ఈ నడుమ మా ఆళ్లగడ్డ ప్రాంతమున ఏ పల్లెకు పోయినను రచ్చకట్ట దగ్గర ఒక వాదము వినవచ్చుచున్నది. తాతలనాటి మట్టిమిద్దెను ఉంచుకొనవలెనా, పడగొట్టి సిమెంటు స్లాబు పోయింపవలెనా అనునదే ఆ వాదము. "మిద్దెలోని చల్లదనము స్లాబులో ఏదిరా అబ్బీ?" అని పెద్దలందురు. "చల్లదనము సరే నాయనా, వానకు అది నెత్తిన పడినచో?" అని కొడుకులందురు. ఇరువురి మాటయు సత్యమే. అయినను ఎవరి సగము వారు పట్టుకొని కూర్చుండుటచేత, పది యేండ్ల కూడబెట్టుబడి ఖర్చు చేయబోవు గృహస్థునకు పూర్తి సంగతి తెలియకున్నది. ఆ రెండు సగములను ఒకచోట చేర్చి మనవి చేయుటయే నా నేటి ప్రయత్నము.

ముందుగా మన నేల స్వభావమును తలచుకొందము. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందేరు పారు నల్లరేగడి మైదానము మనది. వెనుక కర్నూలు జిల్లాలో నుండి, 2022 ఏప్రిలు 4వ తేదీ మొదలు నంద్యాల జిల్లాలో చేరినది. రెండు కొండల నడుమ పళ్లెరమువలె నున్న ఈ సీమలో మే నెలయందు 43, 44 డిగ్రీల వేడిమి క్రొత్త సంగతి కాదు. ఆళ్లగడ్డ భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు 15 డిగ్రీల అక్షాంశముపై నున్నది. కావున ఏటేట మే నెల మొదటి దినములలో ఒకసారియు, ఆగస్టు రెండవ వారమున మరియొకసారియు సూర్యుడు మధ్యాహ్నమున సరిగా నడినెత్తిన నిలుచును. ఆ దినమున నిలువుగా పాతిన గుంజకు నీడ కనబడదు. మనుష్యునకు నీడ కాలిక్రిందనే యుండును. ఈ చిన్న సంగతిలోనే మన యింటి రహస్యము చాలవరకు దాగియున్నది. ఏలయన, ఎండ అంతగా నిలువున దిగుచున్నప్పుడు దానిని ముఖ్యముగా మోయునది గోడ కాదు, పైకప్పు. చలిదేశములవారు గోడలను గురించి ఎక్కువ చింతింతురు. మనము మొదట చింతింపవలసినది కప్పును గురించి.

ఇక మనకు వేడిమి ఒకటి కాదు, రెండు. మార్చి మొదలు జూను వరకు పొడిగాలితో కూడిన ఎండవేడి. వానలు మొదలైనది మొదలు అక్టోబరు వరకు ఉక్క. కర్నూలు కడప కాలువక్రింద వరిమళ్లు తడిసియుండు నెలలలో ఈ ఉక్క మరింత హెచ్చును. ఉష్ణమాపకములో చూచినచో సెప్టెంబరులో 33 డిగ్రీలే యుండును. అయినను ఆ రాత్రి పడు బాధ మే నెల పగటి బాధకు తీసిపోదు. ఇందుకు కారణము తెలిసికొననిచో ఒక వేడికి చేయు ఉపాయమును రెండవదానికి చేసి, ధనమును కోల్పోవుదుము.

మన దేహపు వేడిమి 37 డిగ్రీలు. అన్నము అరుగుచున్నంత కాలము లోపల వేడిమి పుట్టుచునే యుండును. దానిని వెలుపలికి పంపనిదే ప్రాణము నిలువదు. గాలి చల్లగా నున్నప్పుడు ఒడలి వేడి గాలిలోనికి పోవును. గాలియే 37 డిగ్రీలు దాటినప్పుడు ఆ దారి మూసికొనిపోవును. అప్పుడు మిగులు దారి చెమట యొక్కటే. ఒక లీటరు చెమట ఒడలిమీద ఆరిపోయినచో, ఏడు లీటర్ల చన్నీటిని మరుగునంతగా కాచుటకు కావలసినంత వేడిమి మనలోనుండి తొలగిపోవును. ఇక్కడ "ఆరిపోయినచో" అను మాటను గమనింపుడు. చెమట కారి నేలపై పడినందువలన ప్రయోజనము లేదు. అది ఆవిరి కావలెను. మే నెలలో గాలి పొడిగా నుండును గనుక చెమట తక్షణమే యారును. సెప్టెంబరులో గాలి అదివరకే తడితో నిండియుండును గనుక చెమట యారదు. ఎండవేడిని ఇంటిలోనికి రాకుండ ఆపవలెను. ఉక్కకు మాత్రము గాలి కదలవలెను. ఈ రెండు వాక్యములే నా ప్రసంగమునకు మూలము.

దీనికి దృష్టాంతము మన జిల్లాలోనే కలదు. కొలిమిగుండ్ల మండలమున బెలుం గుహలున్నవి. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వాటిని గూర్చి వ్రాసెను. 3,229 మీటర్ల పొడవు కొలువబడిన ఆ గుహలను 2002లో యాత్రికులకు తెరచిరి. చుట్టును సున్నపురాయి, ఎండ పొడ సోకదు. కావున లోపల మంచువలె చల్లగా నుండునని తలంతుము. దిగి చూచినవారికి తెలియును, లోపల కొంత దూరము పోవుసరికి చొక్కా తడిసిపోవును. అందుచేతనే గొట్టములగుండ వెలుపలి గాలిని లోపలికి పంపు ఏర్పాటు చేసియున్నారు. ఎండ తగులకుండ చేసినంత మాత్రమున సుఖము రాదనియు, తడిగాలి నిలిచిపోయిన చోట గాలికి దారి కావలెననియు ఈ గుహలు మనకు నేర్పుచున్నవి.

విదేశపు దృష్టాంతము మరియొకటి. నేడు పట్టణములలో ఇంటింట కనబడు ఏసీ యంత్రమునకు మొదటి రూపము 1902లో అమెరికాలో పుట్టినది. విల్లిస్ క్యారియర్ అను యువకుడు దానిని మనుష్యుల చల్లదనమునకై చేయలేదు. బ్రూక్లిన్ నగరమందలి ఒక అచ్చుకూటములో తడిగాలికి కాగితము ఉబ్బి, రంగుల అచ్చు ఒకదానిపై నొకటి సరిగా పడకుండెను. ఆ గాలిలోని తడిని అదుపు చేయుటకే ఆయన దానిని కల్పించెను. ఉక్క యన్నది వేడిమికంటె వేరైన సంగతి యని ఈ చరిత్రయే చెప్పుచున్నది.

ఇప్పుడు మన మట్టిమిద్దె కడకు వత్తము. దాని కూర్పు మీ కందరకు తెలిసినదే. స్తంభములపై దూలములు, దూలములపై దంతెలు, వాటిమీద కట్టెల పరుపు, దానిపై ఆకో బోదో, ఆపైన మన్ను, అన్నిటికి మీద చౌడు. చౌడునేలలో పైరు పెరుగదు. నీరు తగులగానే ఆ మన్ను మెత్తబడి విడిపోయి, సన్నని రేణువులు సందులన్నిటిని మూసివేయును. నీరు లోనికి దిగదు. పైరునకు శత్రువైన ఆ గుణమునే మన పెద్దలు కప్పునకు కవచముగా చేసికొనిరి. గోడలు రెండడుగుల మందముండును. కప్పుమీది మన్ను అడుగు మొదలు అడుగున్నర. ఇంత మందమైన మన్నులో ఎండవేడి మెల్లమెల్లగా నడచును. మధ్యాహ్నము పైన తగిలిన వేడిమి లోపలికి చేరుటకు పది పండ్రెండు గంటలు పట్టును. ఆలోపల ప్రొద్దు క్రుంకి, పైమన్ను చల్లబడి, వచ్చినదానిలో అధికభాగము వెనుకకే పోవును. మిగిలిన కొంచెము వేడి అర్ధరాత్రికి లోపలికి దిగువేళకు ఇంటిల్లిపాదియు మిద్దెమీద చాప పరచుకొని పడుకొనియుందురు. గ్రీష్మమున పగలు చల్లని యింటిలోను, రాత్రి వెన్నెల తగులు మేడమీదను నిద్రింపవలెనని చరకుడు ఋతుచర్యయందు విధించెను. మన పల్లెవారు ఆ గ్రంథమును చదువకయే ఆచరించుచు వచ్చిరి.

మిద్దెనడుమ వెలుతురునకై విడిచిన కంతను గవాక్షి అందురు. పల్లెలలో గవాచి యని వాడుక. గవాక్షమనగా ఆవుకన్ను. కిటికీకి సంస్కృతమున వాతాయనమనియు పేరు కలదు. అనగా గాలి నడచు దారి. పాఠశాలలో ఈ రెండు మాటలకు అర్థము చెప్పునప్పుడు, ఒకటి దాని ఆకారమును, రెండవది దాని పనిని చెప్పుచున్నవని పిల్లలకు చూపెడివాడను. వేడిగాలి తేలికగా నుండి పైకి పోవును. గవాక్షి దానిని వదలివేయును. తలుపునుండి చల్లగాలి వచ్చి ఆ చోటు నింపును. పంకా లేని దినములలో ఉక్కకు మనవారు చేసిన వైద్యమిది.

ఇంతవరకు మిద్దెను పొగడితిని. దాని దోషమును చెప్పకున్నచో నేను మీకు మేలు చేసినవాడను కాను. 2024 ఆగస్టు మొదటి దినములలో మనకు పొరుగుననే యున్న చాగలమర్రి మండలమునందు ఒక గ్రామమున మట్టిమిద్దె రాత్రివేళ కూలెను. నిద్రించుచున్న ఒకే కుటుంబమువారు నలుగురు లేవకుండగనే మరణించిరి. వానకాలములో ఇట్టి వార్త మన సీమలో అరుదు కాదు. ఇందుకు కారణము మన్ను చెడ్డది కాదు, బరువు. లెక్క చూడుడు. అడుగు మందపు మన్ను చదరపు మీటరునకు సుమారు 500 కిలోలు తూగును. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు గల చిన్నగది మీద అది 6,000 కిలోలు, అనగా 6 టన్నులు. ముసురుపట్టి మన్ను నానినచో ఇంకొక టన్ను వరకు చేరును. ఏటేట కురుపు కనబడినప్పుడెల్ల పైన మరికొంత మన్ను వేయుట మన అలవాటు. ఒక్క అంగుళము పెంచినను ఆ గదిపై అర టన్ను బరువు పెరుగును. తాత వేసిన మన్నుపై తండ్రి, తండ్రి వేసిన మన్నుపై కొడుకు వేయుచుండగా, క్రింద దూలము మాత్రము తాతనాటిదే. దాని కొనలు గోడలో దాగి యుండుటచేత చెద తినుట కనబడదు. నల్లరేగడి వేసవిలో బీటలు వారి, వానకు ఉబ్బుచుండుటచేత గోడలును కదలును. ఇట్లు అనేక సంవత్సరములుగా కూడిన దోషము ఒక్క రాత్రి బయటపడును.

కావున మట్టిమిద్దెలో నివసించువారు ఏటేట వానలకు ముందు చేయవలసిన పనులు కొన్ని కలవు. దూలము కొన గోడలో చేరుచోట మేకుతో గ్రుచ్చి చూడుడు. మేకు సులభముగా దిగినచో ఆ దూలము పనికిరాదు. దూలము నడుమ క్రిందికి వంగినదేమో దారము కట్టి చూడుడు. పైనుండి సన్నని మన్ను రాలుట, గోడకును కప్పునకును నడుమ క్రొత్తగా సందు ఏర్పడుట, తలుపు బిగిసికొనుట ఇవన్నియు కప్పు మనకు చెప్పు మాటలు. కురుపునకు మన్ను వేయదలచినచో, ముందుగా పాతపొరను తీసివేసి, తీసినంతయే వేయవలెను. అనుమానము కలిగిన గదిలో రెండు మూడు దినముల ముసురులో ఎవరిని పడుకొననీయరాదు. ముఖ్యముగా లేవలేని ముసలివారిని, పసిపిల్లలను. దూలము చెడినచో మిద్దె నుంచవలెనా యను చర్చ లేదు. దింపవలసినదే.

అట్లు దింపి స్లాబు వేసికొన్నవారి గతి యేమి? స్లాబు మందము నాలుగైదు అంగుళములు. ఎండ దానిగుండ మూడు నాలుగు గంటలలో లోపలికి దిగును. నడిమధ్యాహ్నపు వేడి సాయంకాలము ఐదు గంటలకు లోపలి తలమున కనబడును. వెలుపల ప్రొద్దు క్రుంకి గాలి చల్లబడుచుండగా, లోపల కప్పు పొయ్యిమీది పెనమువలె రాత్రి పదింటి వరకు, ఒక్కొక్కప్పుడు తెల్లవారువరకు వేడిని క్రిందికి విడుచుచుండును. పంకా తిప్పినచో ఆ వేడిగాలియే మీద పడును. రేకుల యిండ్లవారి బాధ ఇంకను ఎక్కువ. రేకు వేడిని క్షణమైనను ఆపదు. అయితే రేకు రాత్రికి త్వరగా చల్లబడును, స్లాబు చల్లబడదు. రేకుల యింటివాడు పగలు చెట్టుక్రిందికి పోయి రాత్రి ఇంటికి వచ్చును. స్లాబు ఇంటివాడు రాత్రి ఎక్కడికి పోవును?

భయపడనక్కరలేదు. మట్టిమిద్దె చేయుచుండిన పనిని దాని బరువు లేకుండ స్లాబుచేత చేయింపవచ్చును. దారులు చెప్పెదను.

మొదటిది సున్నము. బూడిదరంగు సిమెంటు తనమీద పడిన ఎండలో అధికభాగమును మ్రింగును. తెల్లని సున్నము పూసిన తలము అధికభాగమును ఆకాశమునకు త్రిప్పి పంపివేయును. ఇందువలన లోపల రెండు మొదలు ఐదు డిగ్రీల వరకు వేడిమి తగ్గును. సున్నము మనకు పరాయి సరకు కాదు. బనగానపల్లె, బేతంచెర్ల, కోవెలకుంట్ల ప్రాంతముల నేల యంతయు సున్నపురాయియే. భూగర్భశాస్త్రజ్ఞులు ఈ రాతిపొరలకు బనగానపల్లె, పాణ్యము, కోవెలకుంట్ల, నంద్యాల అని మన యూళ్ల పేర్లే పెట్టియున్నారు. సున్నమును రాత్రి నానవేసి, వడకట్టి, అంటుకొనుటకు కొంచెము బంక కలిపి, మార్చి నెలకు ముందు రెండు పూతలు పూయుడు. వానకు కొట్టుకొనిపోవును గనుక ఏటేట పూయవలెను. కండ్లలో పడకుండ జాగ్రత్తపడవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించెను. ఖర్చు తక్కువ, ఫలము ఎక్కువ. అందుచేత దీనినే మొదట చెప్పితిని. రేకులకును ఇది చెల్లును.

రెండవది నీడ. స్లాబునకు నాలుగడుగుల యెత్తున పందిరి వేసి, కొబ్బరి మట్టలో, బోదయో కప్పినచో ఎండ పందిరిమీద పడును, స్లాబుమీద పడదు. నడుమ గాలి ఆడును. పందిరిని గాలివానకు ఎగిరిపోకుండ కట్టుట, పొయ్యి నిప్పురవ్వలకు దూరముగా నుంచుట మరువరాదు. పందిరి వేయలేనివారు పడమటి దిక్కున వేప నాటుడు. మూడుజాముల వేళ ఏటవాలుగా పడు ఎండ పడమటి గోడకు ప్రధానశత్రువు. దక్షిణపు గోడకు వేసవిలో ఎండ భయము తక్కువ, ఏలయన సూర్యుడు నెత్తిమీదనో ఉత్తరముగనో యుండును. కావున క్రొత్తగా కట్టుకొనువారు తూర్పు పడమరలకు కురచ గోడలు, ఉత్తర దక్షిణములకు పొడుగు గోడలు వచ్చునట్లు ఇంటిని నిలుపుకొనుట మేలు. ముందర వసారా విడుచుట మన పాత అలవాటే. స్థలము కలిసివచ్చునని వసారాను గదిగా మార్చుటవలన ఇంటి గొడుగును తీసివేసినట్లగును.

మూడవది కిటికీల నడత. మే నెలలో ఉదయము ఎనిమిది గంటలకు తలుపులు కిటికీలు మూసి, తెరలు దించి, రాత్రి గాలి చల్లబడిన పిదప అన్నియు తెరువవలెను. పగలు తెరచి రాత్రి మూయుట వేసవిలో తలక్రిందు పని. వానకాలమున దీనికి విరుద్ధముగా పగలును రాత్రియు గాలి ఆడవలెను. కేంద్రప్రభుత్వము 2018 డిసెంబరులో ఎకో నివాస సంహిత అను పేర గృహనిర్మాణ నియమములు వెలువరించినది. పొడివేడి ప్రదేశములలో తెరచుకొను కిటికీల వైశాల్యము నేల వైశాల్యములో పదవవంతయినను, ఉక్క ప్రదేశములలో ఆరవవంతయినను ఉండవలెనని అందులో కలదు. మనకు రెండు ఋతువులును కలవు. కావున ఆరవవంతు కిటికీలు పెట్టి, గట్టిగా మూసికొను రెక్కలు అమర్చుకొనుడు. ఒక గోడకు రెండు కిటికీలకంటె ఎదురెదురు గోడలకు ఒక్కొక్కటి మేలు. గవాక్షికి బదులుగా గోడ పైభాగమున కప్పుక్రింద రెండు రంధ్రములైన విడువుడు. క్రింద నేలకు మన నాపబండలు పరచినచో పగలంతయు పాదములకు చల్లగా నుండును.

నాలుగవది నీరు. పొడిగాలి దినములలో కూలరు బాగుగా పనిచేయును. నీరు ఆవిరియగునప్పుడు గాలిలోని వేడిని తీసికొనిపోవును. 42 డిగ్రీల గాలిని పది పండ్రెండు డిగ్రీలు తగ్గింపగలదు. వట్టివేళ్ల తడికపై నీరు చల్లుటలోనున్న కిటుకును, కూజాలో నీరు చల్లబడు కిటుకును ఇదియే. కాని కూలరు పెట్టినవారు ఎదుటి కిటికీ కొంచెము తెరచియుంచవలెను. లేనిచో గదియే బెలుం గుహ యగును. వానలు పడిన పిదప కూలరు రెండు మూడు డిగ్రీలకంటె తగ్గింపజాలదు, పైపెచ్చు తడిని పెంచును. అప్పుడు నీరు తీసివేసి, దాని పంకాను మాత్రమే తిప్పుకొనుట మంచిది.

ఇక ఏసీ సంగతి. "ఒక టన్ను ఏసీ" యనగా యంత్రపు బరువు కాదు. ఇరువదినాలుగు గంటలలో ఒక టన్ను మంచుగడ్డ కరుగుటకు ఎంత వేడిమి కావలెనో అంత వేడిమిని గదిలోనుండి తీసివేయు శక్తి. ఒకటిన్నర టన్ను యంత్రము నడుచునప్పుడు సుమారు 1,500 వాట్ల విద్యుత్తు తీసికొనును. సామాన్యపు పంకా 75 వాట్లు తీసికొనును. ఒక యంత్రము తినునది ఇరువది పంకాల తిండి. సున్నము పూయని స్లాబుక్రింద ఏసీ పెట్టుట చిల్లికుండలో నీరు పోయుటవంటిది. అయినను అది విలాసమే యని నేననను. గుండెజబ్బు గల ముసలివారున్న యింట ఒక చిన్నగదికి ఏసీ పెట్టి, 24 డిగ్రీల నుండి 26 డిగ్రీల నడుమ నుంచి, పంకాయు తిప్పినచో ప్రాణరక్షణ మగును. 2020 జనవరి నుండి ఈ యంత్రములు మొదట 24 డిగ్రీలకే తెరచుకొనునట్లు చేయవలెనని నియమము. దానిని 18కి దించుటవలన గది త్వరగా చల్లబడదు, బిల్లు మాత్రము పెరుగును.

చలికాలమును గూర్చి ఒక మాట. మన సీమలో ఇంటిని వేడిచేయు యంత్రములు అక్కరలేదు. డిసెంబరు, జనవరి రాత్రులలో కిటికీ దగ్గరకు వేసి, ఒక దుప్పటి హెచ్చుగా కప్పుకొనిన చాలును. కాని నల్లమల దిగువ పల్లెలలో కొందరు తలుపులు బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకొందురు. గాలిలేని గదిలో కాలు బొగ్గునుండి రంగు, వాసన లేని విషవాయువు పుట్టును. నిద్రించువాడు దానిని తెలిసికొనలేడు. కుంపటి వసారాలో కాచుకొనుడు, పడకగదిలో వలదు.

చివరకు ఇంటికంటె ముఖ్యులైన ఇంటివారిని గూర్చి చెప్పవలెను. 2003 మే నెలలోను, 2015 మే నెలలోను వడగాడ్పులచేత మన ఆంధ్రదేశమున ప్రతిసారియు వేయిమందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో పనిచేయు కూలీలతోపాటు ముసలివారును పలువురు. వయసు ముదిరినకొలది దప్పిక తెలియుట తగ్గును, చెమట పట్టుటయు తగ్గును. "అవ్వకు ఎండ లెక్కలేదు" అని మనము మురియునప్పుడు, అవ్వకు ఎండ తెలియుటలేదేమో యని అనుమానింపవలెను. పగలు తగిలిన వేడినుండి దేహము తేరుకొనునది రాత్రియందే. కావున పడుకొను గది చల్లగా నుండుట సుఖమునకు కాదు, ప్రాణమునకు. గాలి 40 డిగ్రీలు దాటినప్పుడు పంకా ఒక్కటియే చాలదు. వేడిగాలిని ఒంటికి కొట్టినట్లే యగును. తడిగుడ్డ ఒంటిపై కప్పి, పిదప పంకా తిప్పవలెను. మజ్జిగలో ఉప్పువేసి గంటగంటకు ఇవ్వవలెను. ఉప్పు, నీరు విషయమున వైద్యుడు మితము చెప్పినవారు ఆ మితమునే పాటింపవలెను. ఒళ్లు కాలుచుండి మాట తడబడినచో, స్పృహ తప్పినచో అది వడదెబ్బ. తలకును, చంకలకును, ఒంటికిని చన్నీరు పట్టించుచు 108కి కబురు చేయవలెను. స్పృహలేని వానినోట నీరు పోయరాదు.

గ్రామపెద్దలైన మీరు చేయదగిన పని యొకటి కలదు. ప్రతి యూరిలోను చల్లగానుండు మండపమో, గుడి వసారాయో, పాఠశాల గదియో ఒకటి యుండును. ఏప్రిలు, మే మధ్యాహ్నములలో రేకులయింటి వారందరు అక్కడికి వచ్చి కూర్చుండునట్లు దానిని తెరపించి, కుండలలో నీరు పెట్టింపుడు. అట్లే వానకాలమునకు ముందు నలుగురు కలిసి వీధివీధి తిరిగి, బరువెక్కిన మిద్దెలను చూచి, ఆ యింటివారికి మొగమాటము లేక చెప్పుడు. ఒంటరిగానుండు అవ్వయింటి దూలమును ఆమె చూడలేదు, మీరు చూడవలెను.

మట్టిమిద్దె గట్టిగా నున్నచో బరువు తగ్గించి కాపాడుకొనుడు. దూలము చెడినచో వెనుకాడక దింపుడు. స్లాబు వేసికొన్నచో ఆ యేడే సున్నము పూసి, పడమట చెట్టు నాటి, గాలికి ఎదురెదురుగా దారి విడువుడు. తాతలు మనకు ముఖ్యముగా ఇచ్చినది మన్ను కాదు, ఎండ యెటునుండి వచ్చును, గాలి యెటు పోవునని చూచి ఇల్లు కట్టు బుద్ధి. మన్ను పోయినను ఆ బుద్ధి పోకుండ చూచుకొందము.